గ్రోజ్దాన నడుము, లెపొసావ కిటికీ

మా వీధిలో గ్రోజ్దాన చేసినంత పల్చటి పిండిపొర ఇంకెవరూ చెయ్యలేరు. ఆమె అంటే గిట్టనివాళ్ళు కూడా ఈ మాట ఒప్పుకుంటారు, అలాంటివాళ్ళు తక్కువమందేం కాదు. నోరు మంచిది కాదు ఆవిడది. చెయ్యి మంచిది. మా ఊరు వ్లాసోతిన్‌సెలో పెళ్ళికైనా చావుకైనా పొరల రొట్టె లేకుండా జరగదు కాబట్టి, నోటి సంగతి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

ఆమె పనిగది ఇంటి వెనకాల, ద్రాక్షపందిరి దాటాక ఉంటుంది. ఒక కిటికీ, ఒక తలుపు, మధ్యలో పెద్ద మంచమంత బల్ల. బల్ల మీద తెల్లటి గుడ్డ. నూనె రాసి, తడిగుడ్డ కింద నానబెట్టిన పిండిముద్దని ఆ బల్ల నడిమధ్యన పెట్టి, రెండు చేతులూ కిందికి పోనిచ్చి, చేతుల వెనకవైపుతో లేపుతూ అంచులకి లాగుకుంటూ పోవాలి. చివరికి గుడ్డ మీద నేసిన పువ్వులు పిండిలోంచి కనబడాలి. ఇది ఇద్దరు మనుషుల పని. ఒకరు ఇటు, ఒకరు అటు. ఇటు లాగేటప్పుడు అటువాళ్ళు పట్టు ఇవ్వాలి, ఇవ్వకపోతే మధ్యలో చిరుగుతుంది. చాలాకాలం పాటు అటువైపు నిలబడ్డ మనిషి ఆమె ఆడపడుచు లెపొసావ.

లెపొసావ గ్రోజ్దాన మొగుడు బ్లాగొయెకి చెల్లెలు. రెండు వీధుల అవతల ఇచ్చారు. తండ్రి పోయినప్పుడు ఇంట్లోనూ ద్రాక్షతోటలోనూ తన వాటా అన్నకి వదిలేసింది. మా దగ్గర ఆడపిల్లలు అలాగే వదిలేస్తారు. ఎవరూ అడగరు, ఎవరూ మెచ్చుకోరు, అడిగి తీసుకున్న పిల్లని మాత్రం బతికినన్నాళ్ళూ చెప్పుకుంటారు. లెపొసావ సంతకం పెట్టి వచ్చి, చేతులు కడుక్కుని, మరుసటి పొద్దున్న వదిన బల్లకి అటువైపు నిలబడింది.

ఇప్పుడు ప్రోమాయ సంగతి చెప్పాలి. ఎదురెదురుగా ఉన్న తలుపూ కిటికీ ఒక్కసారి తెరిస్తే మధ్యలోంచి దూసుకుపోయే గాలిని మేం ప్రోమాయ అంటాం. పంటిపోటు దానివల్లే వస్తుంది. మెడ పట్టేసినా, మూతి వంకర పోయినా, పిల్లలు కలగకపోయినా దానివల్లే. ఎండాకాలం బస్సులో ఊపిరాడక ముసలివాళ్ళు సొమ్మసిల్లుతుంటారు గాని, ఎవడైనా రెండో కిటికీ మీద చెయ్యి వేశాడా, సొమ్మసిల్లినవాళ్ళే లేచి తిడతారు. ఇదంతా వినడానికి నవ్వులాటగా ఉంటే నవ్వుకోండి. నేనిది రాస్తున్న గదిలో కూడా కిటికీ ఒక్కటే తెరిచి ఉంది, తలుపు మూసే ఉంది.

పిండిపొరల విషయంలో మాత్రం ప్రోమాయ నిజంగానే శత్రువు. గాలి తగిలితే అంచులు ఆరిపోయి, మడిచినచోటల్లా పగుళ్ళు పడతాయి. అందుకని గ్రోజ్దాన పనిగది కిటికీ ఏడాది పొడుగునా మూసే ఉండేది.

కొన్నేళ్ళ కిందట ఓ ఆగస్టులో పెళ్ళిళ్ళు ఎక్కువయ్యాయి. నేను మా ఇంటి అవసరానికి పొరలు తీసుకెళ్దామని వెళ్ళి ఆ గదిలో ఓ మూల కూర్చున్నాను. లోపల పొయ్యి, బయట ఎండ. గ్రోజ్దాన మొహం కందిపోయి, చెమట గడ్డం మీంచి కారుతోంది. ఒక పొర ముగించి, ఇంకో ముద్ద తియ్యడానికి వంగింది.

"ఉక్కకి చచ్చేట్టున్నావ్ వదినా, ఒక్క నిమిషం," అంటూ లెపొసావ వెళ్ళి కిటికీ రెక్క తోసింది.

సరిగ్గా అప్పుడే బ్లాగొయె పిండిబస్తా మోసుకొచ్చి, తలుపు బార్లా తీసి, గుమ్మంలో నిలబడిపోయాడు. గాలి రివ్వున కొట్టింది. బల్ల మీది గుడ్డ అంచు లేచింది. గ్రోజ్దాన నడుం ఎత్తబోయి, సగంలో ఆగిపోయి, "అమ్మా" అని బల్ల మీదికి ఒరిగిపోయింది. కుడి పిరుదులోంచి తొడ వెనకగా మోకాలిదాకా సలాక గుచ్చినట్టుందని తర్వాత చెప్పింది. అప్పుడు చెప్పింది మాత్రం వేరే మాట.

"కావాలనే తీశావ్," అంది బల్లని పట్టుకునే, తల తిప్పకుండా. "వాటా వదులుకున్న కడుపుమంట ఇన్నాళ్ళకి తీర్చుకున్నావ్. నేను పడితే ఈ ఇల్లు నీకొస్తుందనుకున్నావా?"

లెపొసావ కిటికీ మూసింది. నడుముకున్న గుడ్డ విప్పి, నాలుగు మడతలు పెట్టి, కుర్చీ మీద ఉంచి, అన్న పక్కనుంచి బయటికి వెళ్ళిపోయింది. తలుపు తీసింది బ్లాగొయె కదా. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు, అతను అసలే ఎత్తలేదు.

గ్రోజ్దాన ఇంటి స్లావ నవంబరులో, పునీత దిమిత్రి రోజున. స్లావ అంటే ఇంటి ఇలవేల్పు రోజు, తండ్రినుంచి కొడుక్కి వస్తుంది. ఆ రోజున ఎవర్నీ పిలవకూడదు. ఒకసారి ఆ గడప తొక్కి గోధుమ పాయసం తిన్నవాడు ప్రతి ఏడూ తనంతట తనే రావాలి. పిలిచామంటే నువ్వు మాకు పరాయివాడివి అన్నట్టు. రాకపోతే నువ్వే పరాయివాడివయ్యావన్నట్టు. ఆ నవంబరులో లెపొసావ రాలేదు. పుట్టింటి స్లావకి ఆడపిల్ల రాకపోవడం మా ఊరివాళ్ళు మూడు శీతాకాలాలు చెప్పుకోదగ్గ విషయం.

"ఒక్క కబురు పంపించవే," అన్నాడట బ్లాగొయె.

"స్లావకి కబురా? నీ చెల్లెలు బిచ్చగత్తె అనుకుంటున్నావా, పరాయిదనుకుంటున్నావా? దారి తెలీదా దానికి?"

"దారి తెలుసు. నీ నోరు కూడా తెలుసు."

అంతకుమించి అనే ధైర్యం అతనికి ఎప్పుడూ లేదు. ఆదివారాల్లో చేపలు పట్టడానికని వెళ్ళి చెల్లెలింట్లో కాఫీ తాగి వచ్చేవాడు. చేపల్లేకుండా ఎందుకొస్తున్నావని గ్రోజ్దాన ఎప్పుడూ అడగలేదు. ఆ ఒక్క విషయంలో ఆవిడ మంచితనాన్ని ఒప్పుకోవాలి.

ప్రతి స్లావకీ మాత్రం ఉల్లికాడల రొట్టె ఒకటి విడిగా చేసేది. మిగతావాళ్ళందరికీ జున్ను వేసిన రొట్టె. జున్ను తినని మనిషి ఆ ఇంటికి సంబంధించినంతవరకు ఒక్కతే ఉంది. సాయంత్రానికి ఆ రొట్టె అలాగే ఉండేది. మర్నాడు కోళ్ళకి వేసేది, కోళ్ళని తిడుతూ.

ఆమె నొప్పి కథ చాలామంది డాక్టర్లకి తెలుసు. ఒక్కరికీ పూర్తిగా తెలీదు, ఎందుకంటే ఆవిడ నొప్పి ఉన్నచోటు చూపించేది గాని కథ చెప్పేది కాదు. చూపించేది తొడనీ మోకాలినీ. నడుం నొప్పి అంటే కాదనేది. "నడుం బాగానే ఉంది, కాస్త బిగుసుకుంటుంది అంతే, గాలి కొట్టింది కాలికి," అనేది. అందుకని వైద్యమంతా కాలికి జరిగింది. సీసాతో చితక్కొట్టిన క్యాబేజీ ఆకులు మోకాలికి కట్టుకుంది. రాకియా అనే పళ్ళసారాలో మిరపకాయలు నానబెట్టి తొడకి రుద్దింది, ఆ గదిలోకి వెళ్తే మాకే కళ్ళు మండేవి. కుక్కబొచ్చుతో అల్లిన పట్టీ ఎవరో ఇచ్చారు. అది తొడుక్కుని నడుస్తుంటే వీధి కుక్కలు వెంటపడ్డాయని చెప్పుకున్నారు. ఇది నేను చూడలేదు.

మా ఊరి డాక్టరు మోకాలికి ఫొటో తీయించి, "మీ మోకాలు పాతికేళ్ళ పిల్లదానిలా ఉందమ్మా," అన్నాడు. దాన్ని ఆవిడ అవమానంగా తీసుకుంది.

కూర్చుంటే ఎక్కువయ్యేది, నిలబడితే కాస్త నయం. చర్చిలో నిలబడే ప్రార్థన చేసే మతంలో పుట్టినందుకు ఒక్క ఆమే దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకుని ఉంటుంది. బస్సులో సీటిస్తే కసిరేది. అందరికంటే చెడ్డది ఆ బల్ల. అటువైపు మనిషి లేదు కదా. వేరే అమ్మాయిల్ని పెట్టి చూసింది, ఒక్కతీ ఆ నోటికి నిలవలేదు. అందుకని ఒక్కతే బల్ల చుట్టూ తిరుగుతూ, బొజ్జ బల్ల అంచుకి ఆనించి, బారచాపి అటు అంచుదాకా వంగి లాగేది. లాగి లేచేటప్పుడు పళ్ళు కరుచుకునేది. పళ్ళ మధ్యనుంచి ప్రతిసారీ ఒకే మాట వచ్చేది. "దాని కిటికీ మండిపోనూ."

పోయిన సెప్టెంబరులో కుడి పాదం మొద్దుబారింది. చెప్పు జారిపోయినా తెలియకుండా చర్చిదాకా ఒంటిచెప్పుతో నడిచింది. ఈసారి మా డాక్టరు మోకాలి జోలికి పోకుండా నీష్‌ పట్నానికి పంపించాడు, స్కానింగుకి. బ్లాగొయెకి పెద్ద రోడ్డు మీద కారు నడపడమంటే భయం. అందుకని నేను తీసుకెళ్ళాను. దారి పొడుగునా ముందు సీటు పూర్తిగా వెనక్కి వాల్చుకుని పడుకుని, నా డ్రైవింగుని పైకప్పు వైపు చూస్తూనే తప్పుపట్టింది.

అక్కడి డాక్టరు పేరు నెవెన్క. నడివయసు మనిషి, జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. మేం లోపలికి వెళ్ళగానే లేచి, ముందు కిటికీ మూసి, తర్వాత తలుపు మూసి, అప్పుడు కూర్చోమంది. గ్రోజ్దాన నా వైపు చూసింది. ఈవిడ చదువుకున్న మనిషి అన్నట్టుంది ఆ చూపు.

డాక్టరమ్మ ఆమెని వంగమంది, నిలబెట్టింది, పడుకోబెట్టి కాలెత్తింది, సుత్తితో కొట్టింది. ముందుకి వంగినప్పుడు తొడలో నొప్పి వచ్చింది. మోకాలిని ఎంత తిప్పినా రాలేదు. అప్పుడు తెర మీద బొమ్మ చూపించింది. బూడిదరంగులో వెన్నుపూసలు ఒకదాని మీద ఒకటి. పూసకీ పూసకీ మధ్య తెల్లగా దిండులాంటిదొకటి. అడుగునున్న రెండు చోట్ల మాత్రం తెలుపు లేదు. నల్లగా, అణగారిపోయి ఉంది.

"మీ కాలికేం లేదమ్మా," అంది డాక్టరమ్మ. "నొప్పి తెలిసే చోటు వేరు, పుట్టే చోటు వేరు. పుట్టింది ఇక్కడ. ఈ మధ్య మెత్తలున్నాయే, డిస్కులంటాం, వాటిలో నీరుండాలి. మీకీ రెండింటిలో పోయింది. ఆరిపోయి, చుట్టూ ఉన్న అంచు పగిలింది. ఆ నొప్పిని ఒళ్ళు తొడ మీద వేసి చూపిస్తుంది. ఇప్పుడు కింద నరాన్ని కూడా ఒత్తుతోంది, అందుకే పాదం మొద్దుబారింది."

"ఆరిపోయి పగిలిందా?"

"మీరేం పని చేస్తారు?"

"పొరలు లాగుతాను."

డాక్టరమ్మ మొహం వికసించింది. "అయితే మీకు నాకంటే బాగా అర్థమవుతుంది. తడిగుడ్డ కప్పకుండా వదిలేసిన పిండి అంచు ఎలా అవుతుంది? గట్టిపడి, మడిస్తే చిట్లుతుంది కదా? అదే ఇది."

గ్రోజ్దాన కుర్చీలోంచి సగం లేచింది. "విన్నావా విదా?" అంది నాతో. "విన్నావా? గాలి తగిలితేనే పిండి ఆరేది! డాక్టరమ్మ నోటినుంచే వచ్చింది. నేను చెప్తే మొండిదాన్నన్నారు. ప్రోమాయ!"

పాపం డాక్టరమ్మ రెండు చేతులూ అడ్డం ఊపింది. "కాదమ్మా, కాదు కాదు. పిండి మాట నేను ఊరికే అన్నాను. లోపలికి గాలి ఎక్కణ్ణుంచి వెళ్తుంది? ఇంత మాంసం, ఇంత చర్మం దాటి? ఇది వయసుకి ఆరుతుంది. వంగి వంగి బరువు పడితే ఇంకా తొందరగా ఆరుతుంది. మీ అమ్మగారికి నడుం ఎలా ఉండేది?"

"విల్లులా ఉండేది."

"చూశారా, వంశంలో కూడా ఉంటుంది. నొప్పి లేనివాళ్ళలో కూడా ఇలా అరిగిన డిస్కులు కనబడతాయి, బొమ్మ చూసి భయపడకూడదు. మీ విషయంలో బొమ్మా నొప్పీ ఒకదానికొకటి సరిపోయాయి. అంతే."

గ్రోజ్దాన కూర్చుంది. కాసేపు ఆ నల్లటి రెండు గీతల్నీ చూసింది. తర్వాత అడిగిన ప్రశ్నకి మాత్రం నేను సిద్ధంగా లేను.

"ఎప్పుడు మొదలైంది ఇది?"

"తేదీ చెప్పలేం. కానీ పూసల అంచుల్లో ఎముక ఎలా పెరిగిందో చూడండి, ఇది నిన్నటిది కాదు. చాలా ఏళ్ళది. మీకు కాలు ఎప్పణ్ణుంచి నొప్పి?"

గ్రోజ్దాన చెప్పింది.

"అయితే అంతకుముందే చాలాకాలంగా అరుగుతూ ఉండుంటుంది. నొప్పి ఆ రోజు బయటపడింది. ఆ రోజు కాకపోతే ఇంకో రోజు. పక్క సర్దుతున్నప్పుడో, తుమ్మినప్పుడో."

"కిటికీ తియ్యకపోయినా?"

"ఏ కిటికీ?" అంది డాక్టరమ్మ.

డాక్టరమ్మ వ్యాయామాలు చూపించింది, రోజూ నడవమంది, పాదం బలం తగ్గితే ఒక్కరోజు కూడా ఆగకుండా రమ్మంది. కుక్కబొచ్చు పట్టీ తీసి అవతల పెట్టమంది. బల్ల ఎత్తు పెంచుకోమంది. "ముఖ్యంగా అలా బారచాపి వంగడం మానాలి. ఒక్కరే చెయ్యకండి ఆ పని. అటువైపు ఎవర్నైనా పెట్టుకోండి." గుమ్మందాకా వచ్చి, "ఒళ్ళు వెచ్చగా ఉంచుకోండి, ప్రోమాయలో కూర్చోకండి," అని, ఆ మాట తన నోటినుంచి వచ్చినందుకు తనే సిగ్గుపడి నవ్వింది. "ఇది వైద్యం కాదమ్మా, మా అమ్మ మాట. అలవాటైపోయింది."

తిరుగుదారిలో గ్రోజ్దాన నా డ్రైవింగుని ఒక్కమాట అనలేదు. నాకు భయం వేసింది. లెస్కోవాత్స్ దాటి, మిరపకాయలు కాల్చే పొగ కారులోకి వస్తున్నప్పుడు నోరు విప్పింది.

"ఆ పొద్దున్నే పట్టేసింది," అంది.

"ఏది?"

"కాలు. చెప్పు తొడుక్కుందామని వంగాను. పిరుదులోంచి గుచ్చింది. మంచం పట్టుకుని నిలబడిపోయాను. దానికి ముందు వారం కూడా వచ్చింది. పెళ్ళిళ్ళ పని నెత్తిమీదుంది, ఎవరికీ చెప్పలేదు." కప్పు వైపే చూస్తోంది. "నాకు తెలుసు విదా. బల్ల మీద పడ్డప్పుడు కూడా తెలుసు. తెలిసే అన్నాను. తర్వాత అంటూ అంటూ ఉంటే నిజమే అనిపించింది."

"దిమిత్రి రోజు వస్తోంది కదా, పిలువు," అన్నాను, తెలివితక్కువగా.

"పిలవనా? ఇన్నేళ్ళూ దాన్ని దొంగని చేసి, ఇప్పుడు పరాయిదాన్ని కూడా చెయ్యనా?"

నిజమే. పిలిస్తే అవమానం, పిలవకపోతే రాదు. చెల్లెలు అన్నగారి గడప మళ్ళీ తొక్కుతుందా లేదా అన్న ఒక్క విషయానికి మా పద్ధతిలో దారి లేదు. నేనైతే అంతటితో వదిలేసేదాన్ని. మా అందరిలోకీ చురుకైన బుర్ర గ్రోజ్దానది.

లెపొసావ అత్తింటి స్లావ దిమిత్రి రోజుకంటే ముందు, అక్టోబరు చివర్లో, పునీత పేత్క రోజున వస్తుంది. అక్కడా ఎవర్నీ పిలవరు. ఒకప్పుడు ఆ ఇంట్లో గోధుమ పాయసం తిన్న మనిషికి ఎప్పటికీ దారి తెరిచే ఉంటుంది. శత్రువైనా సరే, ఆ రోజున గడప మీద ఆపకూడదు.

పేత్క రోజు మధ్యాహ్నం గ్రోజ్దాన నల్లగౌను వేసుకుని, చేతిలో గుడ్డ కప్పిన పళ్ళెంతో మా తలుపు కొట్టింది. "పద. నడవమంది కదా డాక్టరమ్మ." రెండు వీధులు నడవడానికి రెండుసార్లు ఆగింది. రెండోసారి నొప్పికి కాదని నాకర్థమైంది. బ్లాగొయె అప్పటికే అక్కడే ఉన్నాడు, చేపలకి వెళ్ళి.

లెపొసావ ఇల్లు నిండుగా ఉంది. మొగుడు మోమీర్ వైపు చుట్టాలు, పొగ తాగే మగవాళ్ళు, వేయించిన పంది వాసన. పొగ పోవడానికి వీధి కిటికీ ఒక్కటి తెరిచారు. తలుపు గట్టిగా మూశారు. నేను తలుపు తొయ్యగానే గాలి రివ్వున లోపలికి కొట్టింది, ఇలవేల్పు ముందున్న దీపం వంగింది, బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా ఒక్కగొంతుతో "తలుపు!" అని అరిచారు. అరిచాక మమ్మల్ని చూశారు. చూశాక నోళ్ళు మూశారు. బ్లాగొయె చేతిలో చెంచా గాల్లోనే ఉంది.

లెపొసావ పొయ్యి దగ్గర నిలబడి ఉంది. జుట్టు బాగా నెరిసింది. వదిన వంక ఒక్కక్షణం చూసి, గబగబా కిటికీ దగ్గరికి వెళ్ళి రెక్క పట్టుకుంది.

"వదిలెయ్ లెపా," అంది గ్రోజ్దాన. "తెరిచే ఉంచు."

లెపొసావ చెయ్యి రెక్క మీదే ఆగింది.

"విదా, తలుపు కూడా వెయ్యకు."

ఇలా చెప్పించుకున్న మనిషి మా ఊళ్ళో నాకుముందు ఎవరూ ఉండి ఉండరు. నేను తలుపు వదిలేశాను. గ్రోజ్దాన పళ్ళెం బల్ల మీద పెట్టి, ఒక కుర్చీ లాక్కుని, సరిగ్గా తలుపుకీ కిటికీకీ మధ్యన వేసుకుని, గాలికి వీపు పెట్టి కూర్చుంది. తలకి కట్టుకున్న రుమాలు విప్పి ఒళ్ళో పెట్టుకుంది. అక్టోబరు గాలి నెరిసిన జుట్టు రేపుతోంది. మోమీర్ వాళ్ళ స్తోయా మామ్మ చెవులు రెండూ కప్పుకుని శిలువ గుర్తు వేసుకుంది. "చచ్చిపోతావే పిచ్చిదానా," అంది.

"చావను మామ్మా. డాక్టరమ్మని అడిగాను." తర్వాత లెపొసావ వైపు తిరిగింది. గొంతు తగ్గించలేదు. ఆ రోజు ఎంత గట్టిగా అందో అంత గట్టిగానే చెప్పింది. "నా నడుం నీ కిటికీకి ముందే పోయింది. ఆ పొద్దున చెప్పు తొడుక్కుంటుంటే పట్టేసింది. నాకు తెలుసు. తెలిసీ నిన్నన్నాను. వాటా మాట..." రుమాలు నలిపింది. "ఆ మాట అనాల్సింది కాదు. ఆ ఇల్లు నువ్వు వదిలితేనే మాకొచ్చింది."

బయట వీధిలో ఎవరి ట్రాక్టరో వెళ్ళింది. బ్లాగొయె మొహం బల్లగుడ్డలో పెట్టేసుకున్నాడు, ఏడుస్తున్నాడని అందరికీ తెలిసింది. లెపొసావ కిటికీ వదిలి, గోధుమ పాయసం గిన్నె తీసుకుని వదిన ముందుకొచ్చి నిలబడింది. స్లావకి వచ్చినవాళ్ళకి మొదట పెట్టేది అదే. గ్రోజ్దాన శిలువ గుర్తు వేసుకుని ఒక చెంచాడు తింది.

"చలేస్తుంది వదినా," అంది లెపొసావ. "తలుపు వెయ్యనా?"

"ఇంకాసేపు ఉండనీ."

మేమంతా కోట్లు తెచ్చుకుని వేసుకుని తిన్నాం. ఎవరూ లేచి తలుపు వెయ్యలేదు. పళ్ళెంలో ఉన్నది ఉల్లికాడల రొట్టె. లెపొసావ దాన్లో కరకరలాడే మూల ముక్క విరుచుకుని, పొయ్యి వైపు తిరిగి తింది.

మర్నాడు పొద్దున్న గ్రోజ్దాన మెడ పట్టేసింది. ఎడమవైపు తిరగదు. ఏదైనా చూడాలంటే మనిషి మొత్తం తిరగాలి. ఏమైందని బ్లాగొయె అడిగితే "దిండు సరిగ్గా లేదు," అంది. నేనడిగినా అదే మాట. ఆ దిండు ఆమె పెళ్ళయినప్పటినుంచీ అదే.

దిమిత్రి రోజుకి ముందురోజు నేను పొరల కోసం వెళ్ళాను. బ్లాగొయె బల్ల కాళ్ళ కింద ఇటుకలు పెట్టి ఎత్తు పెంచాడు. కిటికీ మూసి ఉంది. గ్రోజ్దాన పిండిముద్ద బల్ల మధ్యన పెట్టి, దాని ముందు ఊరికే నిలబడి ఉంది. వంగలేదు. బల్లకి అటువైపు కుర్చీ మీద నాలుగు మడతల నడుముగుడ్డ ఉంది. ఉతికి, ఇస్త్రీ చేసి ఉంది. ఎవరికీ కబురు వెళ్ళలేదని నాకు తెలుసు.

పందిరి కింద అడుగుల చప్పుడైంది. లెపొసావ లోపలికి వచ్చి, వెంటనే తలుపు గట్టిగా మూసింది. గుడ్డ అందుకుని నడుముకి కట్టుకుంది. గ్రోజ్దాన ఆమెని చూడ్డానికి భుజాలతో సహా పక్కకి తిరగాల్సొచ్చింది.

"మెడకేమైంది వదినా?"

"దిండు."

లెపొసావ కిటికీ వంక చూసింది. మెడ వంక చూసింది. పెదవి కొరుక్కుంది.

"దిండేలే," అంది, చేతులకి నూనె రాసుకుని పిండి రెండో అంచు పట్టుకుంటూ.